పసుపు పూసిన పదిరూపాయల నోటు

మా తోడికోడలు పోయింది. మొన్న మంగళవారం తెల్లవారాక నేను పొయ్యి రాజేస్తుంటే మా మరిది వచ్చి వీధి గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు. "వదినా, ఎలిపోనాది" అన్నాడు, అంతే. పక్క క్వార్టరు నుంచి మా గుమ్మం దాకా వచ్చేలోపలే ముసలివాడైపోయినట్టు కనిపించాడు. వానలు మొదలైనప్పటి నుంచీ ఆమెకి జ్వరం, ఆయాసం. రైల్వే ఆస్పత్రి డాక్టరు ముందే పెదవి విరిచాడు. అయినా ఆ మాట వినగానే నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు, కోపం. నాకంటే చిన్నది. నాకంటే ముందు వెళ్ళడానికి దానికేం హక్కుంది? అన్నిట్లోనూ నాకంటే ఒక అడుగు ముందుండటం దానికి అలవాటైపోయింది.

పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. నేనూ మంచే రాస్తాను, ఎందుకంటే ఆమె గురించి చెడ్డ రాద్దామన్నా నాకు ఇన్నేళ్ళలో ఒక్కటీ దొరకలేదు. అదే నా బాధ. ఉన్నమాట దాచను, నాకు ఆమె మీద కుళ్ళు. పెళ్ళై మా గుమ్మంలో కాలు పెట్టిన నెలకే మొదలైంది, ఈ రోజుకీ పోలేదు. ఆమె పోయింది కదా అని నేను మంచిదాన్నైపోతానని మీరు అనుకోవద్దు.

మాది రాయపూర్‌లో రైల్వే కుటుంబం. మా ఆయన స్టేషన్‌లో టిక్కెట్లమ్మే గుమాస్తా, మా మరిది గూడ్సు బండికి గార్డు. మా క్వార్టర్ల లైనులో సగానికి సగం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్ళే. నేను విజయనగరం పిల్లని. ఆమెది పార్వతీపురం. వాళ్ళ నాన్న సంతల్లో బెల్లం అమ్మేవాడు. పిల్లప్పుడు ఆయన పక్కన చాప మీద కూర్చుని గల్లాపెట్టెలో పడ్డ ప్రతి నోటునీ తడిమి చూడటం ఆమె పని. నాకేమో పిల్లప్పుడు ముగ్గులు పెట్టడం పని. ముగ్గులు ఎవరికి కావాలి చెప్పండి.

అవి యుద్ధం రోజులు. వెండి రూపాయలన్నీ జనం కుండల్లో దాచేసుకున్నారు. బజారులో ఎక్కడ చూసినా కాగితమే. రూపాయికి కూడా నోటు వచ్చేసింది. దాంతోపాటే దొంగనోట్ల పుకార్లు. ఫలానా సేఠ్ ఇంట్లో దొరికాయట, ఫలానా బండిలో సంచీడు పట్టుకున్నారట అని రోజుకొక కథ. చేతికి నోటు వస్తే తేలు వచ్చినట్టు ఉండేది.

ఒకరోజు మా అత్తగారు పాలవాడి దగ్గర చిల్లరకింద తీసుకున్న అయిదు రూపాయల నోటుని పెట్టెలో పెట్టబోతుంటే, కొత్త కోడలు నా కొంగు పట్టుకుని లాగింది.

"అక్కా, అది మంచిది కాదు. అత్తకి సెప్పు."

"నీకేటి తెలుసే?"

"సూడు, ఎంత ముసల్దయిపోనాదో. మడతలు, మరకలు. మరి ముక్కు కుట్టించుకోనేదేటి?"

నాకు అర్థం కాలేదు. అప్పుడు మంచి నోటొకటి తీసుకొచ్చి వెలుతురుకి పట్టి చూపించింది. ఎడమ పక్కన సన్నటి బెజ్జాలున్నాయి. బ్యాంకుల్లో, ఖజానాల్లో నోట్లని కట్టలు కట్టి గుచ్చుతారు. ఊళ్ళు తిరిగి నలిగిన నోటు ఏదో ఒక కట్టలో ఒకసారైనా గుచ్చుకుని ఉండాలి. దొంగనోటు చేసేవాడు టీ నీళ్ళలో ముంచి దాన్ని పాతదాన్ని చేస్తాడు కానీ, ఈ బెజ్జాల సంగతి వాడికి తోచదు. "ముక్కు కుట్టించుకోని ముసలమ్మని నమ్మకక్కా" అంది. మా వైపు ముక్కు కుట్టని ఆడపిల్ల ఉండదు కదా, మా అత్తగారికి ఆ మాట ఎంతగా నచ్చిందో, లైనంతా తిరిగి చెప్పుకుని వచ్చింది. నేను ఆ ఇంటికి వచ్చి అప్పటికి ఎన్నేళ్ళో అయింది. నేనన్న మాట ఒక్కటీ ఆవిడ మా గుమ్మం దాటించలేదు.

ఆ తర్వాత జీతాల రోజు వస్తే చాలు, మా అరుగు మీద తిరనాళ్ళే. ఆడవాళ్ళందరూ నోట్లు కొంగున ముడేసుకుని వచ్చేసేవారు. ఆమె ఒక్కొక్క నోటూ తీసుకుని కళ్ళు మూసుకుని బొటనవేలితో రాసేది. చెవి దగ్గర పెట్టుకుని ఒక్కసారి టప్పున లాగేది. వేలు తడి చేసుకుని మూల అద్ది చూసేది. దొంగనోటుకి పెళపెళలాడటానికి గంజి పెడతారట, తడి తగిలితే వేలికి జిగురుగా అంటుతుందట. "గంజి నోటు వానకి ఏడిసీస్తాది" అనేది. ఆఖరున ఆకాశంవైపు ఎత్తి, కాగితం లోపల రాజుగారి తల నీడలా కనిపిస్తోందో లేదో చూసి, "రాజుగారు ఇంట్లోనే ఉన్నారు, తీసుకెల్లు" అని ఇచ్చేసేది. ఎవరైనా తొందరపెడితే, "నోటుని తొందర పెట్టకండమ్మా, దానంతటదే సెప్తాది" అనేది. నేను లోపల పప్పు రుబ్బుతూ అన్నీ వినేదాన్ని. ఆ రోజుల్లో మా ఇంట్లో పప్పు చాలా మెత్తగా నలిగేది.

ఎవరూ లేనప్పుడు నేనూ ఒక నోటు చెవి దగ్గర పెట్టుకుని లాగి చూశాను. నాకు ఏమీ చెప్పలేదది. ఆమెని అడిగితే నేర్పేది. అడగడానికి నాకు నోరు రాలేదు.

మందిర్ హసౌద్ అనే పల్లె నుంచి ఒక కూరగాయలామె బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చేది. నోటు చూస్తే బెదిరిపోయి చిల్లరే కావాలనేది. మా తోడికోడలు ఆమెని కూర్చోబెట్టి ఛత్తీస్‌గఢీలో, "ఏలా దేఖ్ దాయీ", దీన్ని చూడమ్మా అంటూ, బెజ్జాలూ, చప్పుడూ, గంజీ అన్నీ ఓపిగ్గా నేర్పింది. వారం తిరిగేసరికి ఆ దాయీ తనే నోటు చెవి దగ్గర పెట్టుకుని, "బనే హే", బాగుంది అని నవ్వి కొంగున కట్టుకోవడం మొదలుపెట్టింది. అప్పటి నుంచి మా తోడికోడలు ఏం కొన్నా ఒక పిడికెడు లాల్ భాజీ కొసరు. నేను గీచిగీచి బేరమాడినా నాకు ఒక్క ఆకు ఎక్కువ పడేది కాదు. పిడికెడు ఆకుకూరకి కూడా కుళ్ళుకుంటారా అని మీరు అడుగుతారు. కుళ్ళుకుంటారు, నేను కుళ్ళుకున్నాను.

ఇక అసలు సంగతికి వస్తాను. మా అత్తగారికి ఒక పద్ధతి ఉండేది. జీతం ఇంటికి రాగానే పైన ఉన్న నోటుకి తడి పసుపు రాసి, దేవుడి దగ్గర పెట్టి, మర్నాడు గానీ ఖర్చు పెట్టనిచ్చేది కాదు. లక్ష్మి ఇంటికొచ్చింది కదా, పసుపు పెట్టకుండా ఎలా పంపుతాం అనేది. మా వాళ్ళలో చాలా ఇళ్ళల్లో ఉన్నదే, కాకపోతే మా అత్తగారి చెయ్యి పెద్దది. వేలితో బొట్టు పెట్టేది కాదు, నోటు మూలంతా మెత్తేది.

అలా పసుపు పూసిన పదిరూపాయల నోటు పట్టుకుని మా ఆయన ఒక మధ్యాహ్నం గోల్‌బజారులో ధోవతులు కొనడానికి వెళ్ళారు. కాసేపటికి మా లైనులోనే ఉండే పోర్టరు పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"అమ్మా, బాబుగారిని పోలీసు చౌకీలో కూకోబెట్టినారు. దొంగనోటు మార్చినారంట. సేఠ్ ముట్టుకోగానే నోటు నెత్తురు కక్కీసిందంట. బజారంతా సూసింది."

 టిక్కెట్ల గుమాస్తా చేతుల మీదుగా రోజూ ఎన్ని నోట్లు వెళ్తాయి, అలాంటివాడు దొంగనోటు మార్చాడని కేసు రాస్తే ఆ సాయంత్రానికే ఉద్యోగం నుంచి ఆపేస్తారు. ఉద్యోగం పోతే క్వార్టరు పోతుంది. మరిది గూడ్సుతో వెళ్ళాడు, ఎప్పుడొస్తాడో తెలియదు. మా అత్తగారు గుండెలు బాదుకోవడం మొదలుపెట్టింది. మా తోడికోడలు మాత్రం పోర్టరుని ఒక్కటే అడిగింది.

"ఆ సేఠ్ పాన్ నముల్తాడా?"

"ఆ దుకాణంలో ఎవుడు నమలడమ్మా? డబ్బీ ఎప్పుడూ చేతిలోనే."

ఆమె లోపలికి వెళ్ళి, ఒక చిటికెడు పసుపు కాగితంలో పొట్లం కట్టి రొంటిని దోపుకుంది, ఒక నిమ్మకాయ చేత్తో పట్టుకుంది. "నిమ్మకాయెందుకే, ఇప్పుడు దిష్టి తీస్తావా?" అని కసిరాను. తను అప్పటికే గుమ్మం దిగింది. ఇద్దరం టాంగా ఎక్కాం.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మా ఆయన ఆమెకి బావగారు. మా ఇళ్ళల్లో తమ్ముడి భార్య బావగారి ఎదుట నిలబడదు, మాట్లాడదు. ఆయన వీధిలోంచి దగ్గితే చాలు, ఆమె వంటింట్లోకి తప్పుకునేది. ఒకే ఇంట్లో అన్నేళ్ళున్నా ఇద్దరూ ఒకరితో ఒకరు ఒక్క మాట అనుకున్నవాళ్ళు కారు. అందుకని చౌకీలోకి వెళ్ళగానే ఆమె తలమీద కొంగు లాక్కుని నా వెనకాల నిలబడింది. మా ఆయన బల్ల మీద టోపీ చేత్తో పట్టుకుని కూర్చున్నారు. చౌకీ పెద్దైన దరోగా ముందు ఆ నోటు ఉంది. పసుపున్న మూల నిజంగానే ఎర్రగా, సేఠ్ బొటనవేలంత మేర నెత్తురు మరకలా ఉంది.

"రంగు దిగుతోంది, చూడండి" అన్నాడు దరోగా హిందీలో. "అసలు నోటుకి రంగు దిగుతుందా?"

నా చెవి దగ్గర గుసగుస వినిపించింది. "అక్కా, సేఠ్‌ని సున్నం డబ్బీ ఇమ్మను."

"సేఠ్‌జీ, అప్నీ చూనే కీ డబ్బీ దీజియే" అన్నాను నేను.

అప్పుడు వెలిగింది నాకు. పసుపూ, సున్నం. పెళ్ళికూతురి పాదాలకి పారాణి నూరని ఆడది మా వాళ్ళలో ఎవరుంది? బాలింతకి ఎర్రనీళ్ళు దిష్టి తియ్యనిది ఎవరు? అది ఆమె విద్య కాదు, మా అందరి విద్య. నా చేత్తో నేను ఎన్ని పెళ్ళిళ్ళకి పారాణి కలిపానో. కానీ ఆ పూట నా మొగుడు బల్ల మీద కూర్చుని ఉంటే నా బుర్ర మొద్దుబారిపోయింది, ఆమె బుర్ర పనిచేసింది. ఇప్పటికీ అదే తలుచుకుని నేను దిండు మీద తల అటూ ఇటూ పొర్లిస్తాను. టాంగాలో ఉండగానైనా నాకు తోచి ఉండకూడదా?

ఆమె నా వెనక నుంచే చెయ్యి చాపి నా తెల్ల చీర కొంగు మీద పసుపు రాసింది. నా చీర మీదే, తన చీర మీద కాదు. దాని మీద సేఠ్ డబ్బీలో సున్నం వేలితో అద్దింది. కొంగు ఎర్రబడింది. దరోగా కుర్చీలోంచి ముందుకు వంగాడు. "మా ఇంట్లో జీతం నోటుకి పసుపు పెడతామని సెప్పక్కా" అంది. చెప్పాను. "సేఠ్ వేలికి సున్నం ఉన్నాదని సెప్పు." అదీ చెప్పాను. సేఠ్ తన వేలు తనే చూసుకున్నాడు.

దరోగా ఇంకా అనుమానంగానే ఉన్నాడు. అప్పుడామె నిమ్మకాయని పంటితో కొరికి నా చేతిలో పెట్టింది. "నోటు మీద ఒక్క బొట్టు పిండు. ఎక్కువ ఒద్దు." ఈ నిమ్మకాయ సంగతి మాత్రం నాకు తెలియదు, ఒప్పుకుంటాను. ఒక్క బొట్టే పిండాను. ఎరుపు మా అందరి కళ్ళముందే వెనక్కి తగ్గి, మళ్ళీ పసుపైపోయింది. కింద అచ్చు, గీతలు, రాజుగారి మొహం ఎక్కడివక్కడే ఉన్నాయి. "ఇప్పుడు కిటికీ దగ్గర పట్టి సూడమను. లోపల రాజుగారున్నారో లేదో, ముక్కు కుట్టున్నాదో లేదో."

దరోగా కిటికీ దగ్గర చాలాసేపు చూశాడు. తిరిగొచ్చి నోటు మా ఆయన చేతిలో పెట్టి నవ్వాడు. "బాబూజీ, ఆప్‌కే ఘర్ మే తో టక్‌సాల్ బైఠీ హై" అన్నాడు. మీ ఇంట్లో టంకశాలే కూర్చుని ఉందని. అంటూ చెయ్యెత్తి చూపించింది నన్ను కాదు, నా భుజం మీదుగా వెనక్కి.

దరోగాతో మాట్లాడింది ఎవరు? చీర పాడుచేసుకుంది ఎవరు? నిమ్మకాయ పిండింది ఎవరు? అయినా ఆ గదిలో అందరికీ తెలుసు, నేను ఉత్త నోరునని.

తిరుగు టాంగాలో మా ఆయన బండివాడి పక్కన కూర్చున్నారు, మేమిద్దరం వెనక. స్టేషను రోడ్డు మలుపు తిరిగాక ఆయన తల తిప్పకుండానే, "చిన్నమ్మాయికి చెప్పు, నా ఉద్యోగం నిలబెట్టినాదని" అన్నారు. ఆమె నా భుజానికి భుజం ఆనించుకుని అక్కడే ఉంది. అయినా పద్ధతి పద్ధతే కదా. "విన్నావుగా" అన్నాను. ఆమె కొంగులోపల నవ్వుతోందని భుజం కదలికని బట్టి తెలిసింది. ఇంటికి వెళ్ళాక నా కొంగు మరక మీద తనే నిమ్మకాయ పిండి, నూతి దగ్గర ఉతికి, ఆరేసి తెచ్చి ఇచ్చింది. మరక ఆనవాలు లేకుండా పోయింది. పోకుండా ఉంటే ఆ వంకతోనైనా కొన్నాళ్ళు దెప్పేదాన్ని.

అప్పటి నుంచి మా ఆయన జీతం తెచ్చినప్పుడల్లా నోట్లు నా చేతికిచ్చి, "చిన్నమ్మాయికి చూపించు" అనేవారు. తర్వాత పక్క క్వార్టరు దొరికి వాళ్ళు వేరు పడ్డాక కూడా అంతే. నా మొగుడి జీతం నేను మోసుకెళ్ళి ఇంకో ఆడదానికి చూపించి తెచ్చుకోవాలి. రాజుగారు పోయి నోట్ల మీదికి సింహాలు వచ్చాయి. "సింహాలైనా ముక్కు కుట్టాల్సిందే అక్కా" అనేది. మోసినన్నాళ్ళూ మోశాను. అక్కడ కూర్చుంటే వేడిగా ఒక కాఫీ గ్లాసు ఇచ్చేది. ఆ కాఫీ నా చేతి కాఫీ కంటే బాగుండేది, అదీ రాయాలి కదా.

పోయిన నెల జీతం వచ్చినప్పుడు ఆమె మంచం మీదే ఉంది. నేను నోట్లు పట్టుకునే వెళ్ళాను, అలవాటు. ఒకటి తీసుకుని చెవి దగ్గర పెట్టుకోబోయింది, చెయ్యి అందాకా లేవలేదు. నా చేతికే తిరిగిచ్చింది.

"నువ్వు సూడక్కా."

"నాకేటి తెలుస్తాది?"

"ఇన్నాళ్ళూ నా పక్కన కూకొని సూసినావు కాదేటి. సూడు."

కళ్ళు మూసుకుని వేలితో రాశాను. చెవి దగ్గర లాగాను. వెలుతురుకి ఎత్తాను. "మంచిదే" అన్నాను. ఆమె మళ్ళీ తీసుకుని చూడలేదు. "అయితే మంచిదే" అని అటు తిరిగి పడుకుంది. ఎవరూ నన్ను అంత తేలిగ్గా నమ్మలేదు. నాకప్పుడు కూడా కుళ్ళే వచ్చింది, నేనైతే ఆమెని అలా నమ్మేదాన్నా అని.

మంగళవారం లైనంతా వచ్చింది. మందిర్ హసౌద్ దాయీ బుట్ట గుమ్మం పక్కన దించి, గోడకి ఆనుకుని కూర్చుంది. వచ్చిన ఆడవాళ్ళందరూ ఒకటే మాట. అదృష్టవంతురాలు, పసుపు కుంకుమలతో వెళ్ళిపోయింది అని. మా అత్తగారు ఉండి ఉంటే ఆవిడా అదే అనేది. అందులోనూ మా తోడికోడలు నాకంటే ముందే.

మా ఆయన వచ్చారు. ఆమె తలవైపు నిలబడ్డారు. ఆమె ముసుగు లాక్కోలేదు, వంటింట్లోకి తప్పుకోలేదు. ఆయన నాతో చెప్పమనలేదు. తనే వంగి, "ఎల్లిరా తల్లీ" అన్నారు. ఇన్నేళ్ళలో ఆమెతో ఆయన అన్న మాట అదొక్కటే. మధ్యలో నేను లేకుండా అన్నారు.

పెద్ద ముత్తైదువుని కాబట్టి పారాణి కలపాల్సింది నేనే. కంచంలో పసుపు వేసి, సున్నం వేసి, నీళ్ళు పోసి వేలితో తిప్పాను. లేతగా వస్తే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది, అబద్ధం ఆడను. ఎర్రగా వచ్చింది. పాదాలకి పూస్తుంటే ఇంకా ఎర్రబడింది. నా పెళ్ళికి కూడా నాకు అంత ఎర్రగా పండలేదు. రెండో పాదం పూస్తున్నప్పుడు అది జారి నా ఒళ్ళోకి ఒరిగింది, నా తెల్ల చీర కొంగు మీద ఆమె మడమ మేర మరక పడింది.

ఆ చీర ఇంకా దండెం మీదే ఉంది. నిమ్మకాయ పిండితే పోతుంది, నాకు తెలుసు. ఇంట్లో నిమ్మకాయలు ఉన్నాయి. పిండలేదు.